నేనిచ్చేసిన పేరు

ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరున్న పిల్లలు మా చుట్టుపక్కల ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఈ సంగతితో ఏ సంబంధమూ లేదు. మూడక్షరాలు. అంతవరకూ చెబితే చాలు.

ఆ పేరు మా నాన్న చెప్పేరు. ఆయన మిషను బడిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యేరు. సాయంత్రం పూట అందరూ పేపరు చదివినట్టు ఆయన నిఘంటువు ముందేసుకుని కూర్చునేవారు. నాకు మొదటిసారి నెల తప్పినప్పుడు, అంటే రెండువేలలో, ఒకరోజు మా ఇంటికొచ్చి ఒక చీటీ నా చేతిలో పెట్టేరు. గడ్డిలో పూసే ఒక చిన్న పువ్వుకి పాతకాలపు మాట అది.

"ఎవరికైనా ఈ పేరుందా నాన్నా?" అనడిగేను.

"నేను ముప్పయ్యేళ్ళు హాజరు పిలిచేను. ఎప్పుడూ తగల్లేదు" అన్నారు.

మా చర్చిలో పిల్లలకి బైబిల్లోంచి పేర్లు పెడతారు. ఆదివారం పూట ఒక పేరు పెట్టి పిలిస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. నా పేరూ అలాంటిదే. అందుకని ఎవరికీ లేని పేరనగానే నాకు చాలా నచ్చింది. విన్నవాళ్ళు అది క్రైస్తవుల పేరో హిందువుల పేరో చెప్పలేరు. మా ఆయనకీ నచ్చింది. ఆయనకి కశింకోట వెళ్ళే రోడ్డులో మోటార్లు చుట్టే షాపు. చెరకు తోటలకి నీళ్ళు తోడే మోటార్లు కాలిపోతే రైతులు అక్కడికి తెచ్చేవారు. ఏదైనా విన్నాక రెండ్రోజులు ఆలోచించి గానీ మాట్లాడని మనిషి. ఈ పేరు మాత్రం వినగానే "బాగుంది" అన్నాడు.

మొదటిసారి మూడో నెలలో పోయింది. రెండోసారి అయిదో నెలలో. మూడోసారి మాత్రం తొమ్మిది నెలలూ మోసేను. ఏడో నెల దాటేక ధైర్యం వచ్చి ఇంట్లో ఆ పేరు వాడడం మొదలెట్టేం. మా ఆయన షాపు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ ఆ పేరుతో అడిగేవాడు, అన్నం తిందా, పొద్దున్నుంచీ తన్నిందా అని. నేను నా తిండి సంగతి చెప్పడం మానేసి దాని తిండి సంగతే చెప్పేదాన్ని. ఆడపిల్లే అని మాకెలా తెలుసో నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు.

ఆడపిల్లే. రెండువేల మూడులో, నేను పనిచేసే నర్సింగ్ హోములోనే పుట్టింది. పుట్టేసరికే లేదు.

ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పేరు. ఆవిడ దగ్గర నేను అప్పటికి నాలుగేళ్ళుగా చేస్తున్నాను. ఆవిడ అబద్ధం చెప్పరు. బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో చిన్న నర్సింగ్ హోము అది, పది మంచాలు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, కాన్పయ్యేక పుట్టుక కాగితం నింపి మున్సిపాలిటీకి పంపడం నా పని. పుట్టుక కాగితంలో పిల్ల పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, తర్వాతొచ్చి రాయించుకుంటారు. ప్రాణం లేకుండా పుట్టిన పిల్లలకి వేరే కాగితం. నా బదులు కూర్చున్న అమ్మాయి అది నింపి నా దగ్గరికి సంతకానికి తెచ్చింది. అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు, ఆడా మగా, అన్నీ ఉన్నాయి. పిల్ల పేరుకి గడి లేదు. ఆ కాగితం అంతకుముందు నేనే ఎంతమందికి నింపేనో. పేరుకి గడి లేదన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు నాకు.

మా ఆయనా మా నాన్నా వెళ్ళి సమాధుల తోటలో పెట్టి వచ్చేరు. నన్ను వెళ్ళనివ్వలేదు. నేనూ వెళ్తానని అడగలేదు.

నెలా పదిహేను రోజులు పోయేక పనికి వెళ్ళేను. ఇంకొన్నాళ్ళు ఉండమన్నారు గానీ ఇంట్లో చేసేదేం లేదు. ఆ రోజుల గురించి చెప్పమంటే నాకు చెప్పడం రాదు. ఏడుపు రాలేదు. టీ తాగేక గ్లాసు చూసి, ఓహో తాగేను కదా అనుకునేదాన్ని. మార్కెట్టు రోజుల్లో బెల్లం బళ్ళు మా గుమ్మం ముందు నుంచే వెళ్తాయి, వీధంతా ఆ వాసనే ఉంటుంది. ఆ రెండు మూడు నెలలు నాకా వాసన తెలీలేదు. లోపల పసిపిల్లలు ఏడుస్తుంటే వినబడేది. పక్కవీధిలో మైకు మోగుతున్నట్టు వినబడేది, అంతే. అందరూ నా ముందు పిల్లల మాట ఎత్తకుండా జాగ్రత్తపడేవారు. వాళ్ళు జాగ్రత్తపడుతున్నారని కూడా నాకు తర్వాతే తెలిసింది.

నేను మళ్ళీ పనిలో చేరిన మూడో రోజో నాలుగో రోజో, బుచ్చయ్యపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు. చెరకూ వరీ వేసుకునే కుటుంబం. ఇంటికి వెళ్ళే రోజు కాగితం రాయడానికి నేనే ఆమె మంచం దగ్గరికి వెళ్ళేను. భర్త ఆటో తేవడానికి వెళ్ళేడు, అత్తగారు సామాను సర్దుతోంది.

"పేరు ఖాళీగా వదిలేయమంటావా?" అనడిగేను.

"వద్దు సిస్టరమ్మా, ఇప్పుడే రాసీండి" అంది. నేను సిస్టర్ని కాను, కానీ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళందరూ అలాగే పిలిచేవారు. "మా అత్త అమ్మోరి పేరెట్టాలంతంది. ఆ పేరు మా ఇంట్లో ఇప్పటికే ముగ్గురికుంది. మీరు సదువుకున్నోలు కదా, ఓ మంచి పేరు సెప్పండి. ఎవలికీ ఉండకూడదు."

నేను చెప్పేను.

ఆలోచించి చెప్పలేదు. తెలిసిన మాట అడిగితే చెప్పినట్టు చెప్పేను. ఆ అమ్మాయి రెండుసార్లు నోట్లో అనుకుని చూసుకుంది. పిల్ల వైపు తిరిగి ఆ పేరుతో పిలిచింది. "బాగుందండి" అంది. అత్తగారు కూడా ఒకసారి అని చూసింది. నాలుక తిరగలేదు, అయినా ఏమీ అనలేదు. నేను గడిలో రాసేను. నా దస్తూరీ బాగుంటుంది. ఆ రోజు మరీ బాగా వచ్చింది. ఏమీ అనిపించలేదు నాకు. ఆటో వచ్చింది, వాళ్ళు వెళ్ళిపోయేరు.

అయిదారు రోజులు మా ఆయనకి చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, చెప్పాల్సిన విషయమని తోచలేదు. అన్నం తింటుంటే చెప్పేను. ఆయన ముద్ద కలుపుతున్నవాడు ఆపేడు.

"ఇచ్చీసేవా?"

"ఇచ్చీసేను."

కాసేపు కంచంలోకి చూసేడు. "నన్నోసారి అడగవలసింది" అన్నాడు. తర్వాత మిగిలిన అన్నం తిని లేచేడు. కోపం వచ్చిందో లేదో తెలీదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ పేరు ఎవరూ అనలేదు.

ఒక్క పిల్లకి పెట్టిన పేరు అక్కడితో ఉండిపోతుందని అనుకున్నాను. అసలు అనుకున్నానో లేదో కూడా గుర్తులేదు. మరుసటి ఏడాది కశింకోట దగ్గర పల్లె నుంచి వచ్చినావిడ పిల్లకి ఆ పేరే రాయమంది. నాకు చెయ్యి ఆగింది. ఎక్కడ విన్నారని అడిగేను.

"మా ఆడపడుసుని బుచ్చయ్యపేట ఇచ్చేం. ఆలింటి పక్కన పాపకుందండి ఆ పేరు. ఆ పాప పుట్టిన నెల్లోనే ఆలకి బోరు పడిందంట. అంతకుముందు రెండు బోర్లు ఏత్తే సుక్క నీరు లేదు."

అందుకని పెట్టేరు. నీళ్ళు పడ్డ పేరు అని ఊళ్ళలో అనుకున్నారట. ఆ ఏడాది ముగ్గురికి రాసేను. ఆ తర్వాత ఏడాది లెక్క తప్పింది. ఒకసారి మాడుగుల నుంచి వచ్చిన కుటుంబం హల్వా పంచుతూ పేరు చెబితే, పక్క మంచం మీదావిడ "మేవూ అదే అనుకున్నాం" అని చిన్నబుచ్చుకుంది. చివరికి ఇద్దరూ అదే పెట్టేరు. ఒకరు చివర్లో ఒక అక్షరం కలుపుకున్నారు.

పల్లెల్లో మొదలైంది, రెండువేల ఆరుకల్లా టౌన్లోకి వచ్చింది. టౌన్లో వాళ్ళకి బోరు సంగతి తెలీదు. వాళ్ళు నెట్ సెంటర్లో చూసుకుని ప్రింటు తెచ్చేవారు. "లక్ష్మీదేవి పేరంటండి" అని ఒకాయన నాకే చూపించేడు. గడ్డిపువ్వు అని నేను చెప్పలేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకొక్కరు ఒకొక్కలా రాయించేవారు. సంఖ్యాశాస్త్రం ప్రకారం అని మధ్యలో ఒక హెచ్ పెట్టించినవాళ్ళున్నారు, చివర రెండు 'ఏ'లు పెట్టించినవాళ్ళున్నారు. బస్‌ కాంప్లెక్సు ఎదురుగా ఒక ఫ్యాన్సీ షాపుకి ఆ పేరు పెట్టేరు. గాజులు కొనుక్కోవడానికి నేనా షాపులోకి రెండుసార్లు వెళ్ళేను. ఆటో వెనకాల కూడా చూసేను. మా చర్చిలో ఒకాయన కూతురికి బాప్తిస్మంలో ఆ పేరు పిలిచినప్పుడు మా నాన్న నా ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన వెనక్కి తిరగలేదు. ఆయన మెడ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. ప్రార్థనయ్యేక బయట చెప్పులేసుకుంటూ, "ఎండ ఎక్కువైంది, ఆటోలో వెళ్ళు" అన్నారు.

ఇది విన్నవాళ్ళు ఊహించుకుంటారు, అలా రాసిన ప్రతిసారీ నాకు గుండె పగిలిపోయి ఉంటుందని. పగల్లేదు. మొదట్లో చెయ్యి ఆగేది, తర్వాత అదీ లేదు. వందసార్లు రాసిన మాట ఏదైనా ఉత్త గీతలైపోతుంది కదా, అలాగైపోయింది. ఒకసారి కాగితం నింపుతూ నింపుతూ, మా పాపకి అనుకున్న పేరు ఏదో ఉండేది కదా అని ఒక్క క్షణం వెతుక్కున్నాను. కలం కిందే ఉంది.

నాకు మళ్ళీ నెల తప్పలేదు.

రెండువేల తొమ్మిదిలో ఆ బుచ్చయ్యపేట అమ్మాయి రెండో కాన్పుకి వచ్చింది. ఒళ్ళు చేసింది, నేను గుర్తుపట్టలేదు. ఆమే పలకరించింది. ఈసారి మగపిల్లాడు. మర్నాడు మధ్యాహ్నం అత్తగారు పెద్ద పిల్లని తీసుకొచ్చింది, తమ్ముణ్ణి చూపించడానికి. ఆరేళ్ళ పిల్ల. స్కూలు యూనిఫాం మీదే వచ్చింది, ముందు పళ్ళు రెండూ లేవు. తమ్ముణ్ణి చూసి పెద్దగా లక్ష్యపెట్టలేదు. నేను కాగితాలు పట్టుకుని వెళ్ళేసరికి మంచం కోడు పట్టుకుని ఊగుతోంది.

"ఇదిగోనే, నీకు పేరెట్టిన సిస్టరమ్మ" అంది తల్లి.

పిల్ల నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఈ పేరు బాగోలేదు" అంది. "మా క్లాసులో ముగ్గురికుంది. టీచరు నన్ను నల్ల రిబ్బను అని పిలుత్తాది."

తల్లి నవ్వింది, నేనూ నవ్వేను అనుకుంటాను. పిల్ల ఊగడం ఆపి అడిగింది, "మీ పాప పేరేటి?"

అలాంటి ప్రశ్నలకి నా దగ్గర జవాబు ఉండేది. మాకు పిల్లల్లేరమ్మా అనేదాన్ని. అడిగినవాళ్ళు మాట మార్చేసేవారు. ఆ రోజు ఆ జవాబు రాలేదు. పాప పేరు అడిగింది, పేరు చెప్పేను.

"నాదే?" అంది పిల్ల.

"నీదే."

"ఏ క్లాసు?"

"చదవదమ్మా. పుట్టినప్పుడే పోయింది."

పిల్లకి అది పెద్ద విషయంలా అనిపించలేదు. మళ్ళీ ఊగడం మొదలెట్టింది. తల్లి మాత్రం ఒళ్ళోని పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని నన్నే చూస్తోంది. అత్తగారు చేతిలో ఉన్న పాలగ్లాసు కిందపెట్టింది.

"ఎప్పుడు పోయిందమ్మా మీ పిల్ల?" అనడిగింది ముసలావిడ.

"మీ మనవరాలు పుట్టడానికి నెలా ఇరవై రోజుల ముందు."

"అంటే ఆ పేరు అప్పటికే ఆ పిల్లదన్నమాట."

"అవునమ్మా."

"సచ్చిపోయిన పిల్ల పేరు తెచ్చి మా గుంటపిల్లకి ఎట్టీసేవు. ఒక్క మాటన్నా సెప్పకుండా ఎట్టీసేవు." గట్టిగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే ఆ మాట ఇప్పటికీ ఉన్నదున్నట్టు గుర్తుంది.

ఆమె అన్నది నిజమే. నేను చెప్పి ఉండాల్సింది. ఆ మాటే అన్నాను. "అప్పుడు నాకు తోచలేదమ్మా. తప్పే."

"అత్తా, ఊరుకో" అంది కోడలు, నా వైపు చూడకుండా.

సాయంత్రం ఆ అమ్మాయి భర్త నా బల్ల దగ్గరికి వచ్చి, పేరు మార్చుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగేడు. నేను చెప్పేను. ఒక తెల్లకాగితం మీద వరసగా రాసి కూడా ఇచ్చేను, ఏ ఆఫీసుకి వెళ్ళాలి, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి, స్కూల్లో ఎవరికి చెప్పాలి అని. ఎవరొచ్చి అడిగినా అలాగే రాసిచ్చేదాన్ని. అతను మర్యాదస్తుడు, థాంక్సండి అని తీసుకెళ్ళేడు. తమ్ముడి కాగితంలో పేరు గడి ఖాళీగా వదిలేయమన్నారు.

ఇంటికి వెళ్ళేక ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. ఈసారి కావాలనే చెప్పలేదు. ఆ తర్వాత కొన్ని రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. అదొక్కటే తేడా. ఆరేళ్ళలో ఎంతోమందికి ఆ పేరు రాసేను, ఒక్కటి పోతే ఏమైందని అనుకునేదాన్ని. కానీ మొదటిది అదే కదా. దాన్నుంచే అందరికీ వెళ్ళింది. అప్పటికే ఆ పేరు అడిగేవాళ్ళు తగ్గిపోయేరు. "వద్దండి, అందరికీ అదే, వీధికిద్దరున్నారు" అని టౌన్లోవాళ్ళు అంటుండగా విన్నాను. వేరే పేర్లు వచ్చేయి. గాజుల షాపు కూడా చేతులు మారి సెల్‌ఫోన్ల షాపైంది.

మూడు నెలలకి ఆ అమ్మాయి పిల్లాడి పేరు రాయించడానికి వచ్చింది. కూడా ఎవరూ లేరు. పిల్లాడి పేరు చెప్పింది, రాసేను. పెద్ద పిల్ల సంగతి అడగాలని ఉంది. ఆమే చెప్పింది.

"పేరు మార్సలేదండి."

నేను తలెత్తేను.

"మార్సుదావనే అనుకున్నాం. మా అత్త కొత్త పేరెట్టి పిలిసింది. పదేను రోజులు పిలిసేం. పలకదు. కూడు తిందువు రాయే అన్నా పలకదు. పాత పేరెట్టి పిలిత్తేనే వత్తాది. ఇంక మా అత్తే విసిగిపోయి పాత పేరుతో కేకేసింది. దానికి అసలా పేరంటే ఇష్టం లేదండి. మరెందుకు పలకలేదో."

"మీ అత్తగారికి నా మీద కోపం తగ్గిందా?"

"లేదండి" అంది నిజాయితీగా. "కానీ ఊరికే అడుగుతాది. ఆ తల్లికి మళ్ళీ పిల్లలు కలగలేదా అని."

"కలగలేదని చెప్పు" అన్నాను.

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, వెళ్ళబోతూ నా చెయ్యి ఒకసారి పట్టుకుంది. షేర్ ఆటో హారన్ కొడుతుంటే గబగబా మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన షాపు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అంతా చెప్పేను. పిల్ల రావడం, నేను చెప్పడం, ముసలావిడ అన్న మాట, పేరు మార్చకపోవడం. ఆయన తుండుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయేడు. గ్రీజు పోయేక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"ఎలాగుంది పిల్ల?" అన్నాడు.

"బాగుంది. ముందు పళ్ళు ఊడిపోయేయి."

"పొడుగా?"

"పొడుగే. వయసుకి పొడుగే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "జుత్తు?"

"రెండు జడలు. నల్ల రిబ్బను."

"బాగా మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుంది. ఊరికే కూర్చోదు. మంచం కోడు పట్టుకుని ఊగుతుంది."

ఆయన తల ఊపేడు. ఇంకా ఏమేమో అడిగేడు, ఏ స్కూలు, బస్సులో వెళ్తుందా, నడిచా అని. నాకు తెలిసినవి చెప్పేను, తెలియనివి తెలీదన్నాను. తర్వాత లేచి, ఆకలేస్తోందన్నాడు. అన్నం వడ్డించేను.